నిజాం ఖజానా కథ – 5: అప్పు మీద నడిచిన ఫౌజు

ఉత్తర సర్కారులు చేజారిపోయినా వాటి మీద నిజాముకు ఒక హక్కు మాత్రం మిగిలిందని కిందటి భాగంలో చెప్పుకున్నాం. ఆ సీమ అనుభవిస్తున్నందుకు ఈస్టిండియా కంపెనీ ఏటా 7 లక్షల రూపాయల పేష్కష్ హైదరాబాదుకు కట్టాలి. 1823లో ఆ హక్కు కూడా పోయింది. పోయిన తీరు చూడండి. నూటికి ఏడాదికి ఆరు రూపాయల వడ్డీ లెక్కన 7 లక్షలు రావాలంటే అసలు ఎంతుండాలో కంపెనీ వారు లెక్క కట్టారు. 1,16,66,666 రూపాయలు తేలింది. ఆ మొత్తం ఒక్కసారిగా ఇచ్చేసి, ఇక పేష్కష్ ఊసు ఉండదని రాయించుకున్నారు. శ్రీకాకుళం నుంచి గుంటూరు దాకా ఉన్న తీరం మీద హైదరాబాదుకు మిగిలిన ఆఖరి హక్కు అలా ముగిసింది.

ఆ సొమ్ముతో నిజాం చెరువు తవ్వించలేదు, కోట కట్టలేదు. హైదరాబాదులోనే ఉన్న ఒక ప్రైవేటు వ్యాపార సంస్థకు సర్కారు పడిన బాకీ తీర్చడానికే ఆ బేరం అవసరపడింది. సంస్థ పేరు విలియం పామర్ అండ్ కంపెనీ. పుట్టి అప్పటికి పదేళ్లు కూడా నిండలేదు.

పదేళ్లలోపు పుట్టిన బాకీకి శాశ్వతంగా రావలసిన రాబడిని చెల్లు వేయవలసిన గతి ఎందుకు పట్టింది? అప్పు చేయడమే పాపమని నేను అనను. ప్రపంచంలో అప్పు చేయని ప్రభుత్వాలు అరుదు. ఖర్చు ఎవరి కోసం, ఆ ఖర్చు వద్దనే అధికారం ఎవరికి ఉంది, హామీగా ఏం రాసిచ్చారు అన్నవే అసలు ప్రశ్నలు. 1811 నుంచి 1853 దాకా నడిచిన హైదరాబాదు కథలో ఈ మూడింటికీ దొరికే జవాబులు బాధ కలిగిస్తాయి.

ముందు ఖర్చు సంగతి. 1798లో, మళ్లీ 1800లో కుదిరిన సంధుల ప్రకారం నిజాం రాజ్యంలో కంపెనీ సైన్యం ఉండాలి. దాని జీతభత్యాలు నిజాం భరించాలి. ఏటా నగదు కట్టే తంటా వద్దని, మైసూరు యుద్ధాల్లో తన వాటాగా వచ్చిన కడప, బళ్లారి, అనంతపురం ప్రాంతాలను 1800లో నిజాం కంపెనీకి శాశ్వతంగా అప్పగించేశాడు. అవే దత్తమండలాలు. దాంతో ఆ సైన్యం ఖర్చు తీరిపోయింది. సికింద్రాబాద్ కంటోన్మెంటులో ఉన్న ఆ సైన్యానికి హైదరాబాదు ఇక దమ్మిడీ కట్టనక్కరలేదు.

అయితే 1800 సంధిలో ఇంకో షరతు ఉంది. యుద్ధం వస్తే నిజాం తన వైపు నుంచి 6,000 మంది కాల్బలాన్ని, 9,000 మంది గుర్రపు దళాన్ని పంపాలి. యుద్ధం వచ్చినప్పుడే సుమా. శాంతికాలంలో ఏ సైన్యాన్ని ఏ పద్ధతిలో పోషించాలన్న మాట సంధిలో లేదు. 1811లో కంపెనీ ప్రతినిధిగా, అంటే రెసిడెంటుగా హైదరాబాదు దర్బారుకు వచ్చిన హెన్రీ రస్సెల్ ఈ షరతును పట్టుకున్నాడు. నిజాం సిపాయీలు క్రమశిక్షణ లేనివాళ్లు, యుద్ధానికి పనికిరారు, ఇంగ్లీషు అధికారుల కింద తర్ఫీదు ఇస్తే తప్ప లాభం లేదని వాదించాడు. అలా పుట్టిన దళానికి మొదట రస్సెల్ బ్రిగేడ్ అని పేరు. పెరిగి పెరిగి అదే హైదరాబాదు కంటింజెంట్ అయింది. బొల్లారంలో దాని స్థావరం. ఔరంగాబాద్, హింగోలి, ఎల్లిచ్‌పూర్ లాంటి చోట్ల దళాలు. పేరుకు నిజాం సైన్యం. అధికారులను నియమించేదీ, జీతాలు నిర్ణయించేదీ, ఎక్కడికి కదలాలో చెప్పేదీ రెసిడెంటు. ఏడాదికి సుమారు 40 లక్షల రూపాయల ఖర్చు నిజాముది.

కంపెనీ కొలువులో పెద్ద ఉద్యోగం దొరకని ఇంగ్లీషు కుర్రాళ్లకు కంటింజెంట్ బంగారు గని అయింది. జీతాలు ఎక్కువ, భత్యాలు అంతకన్నా ఎక్కువ. పాపం నిజ్జీయే అన్నీ భరిస్తాడని ఆ అధికారుల్లో ఒక పరిహాసపు మాట కూడా వాడుకలో ఉండేది. నిజాముకు వాళ్లు పెట్టుకున్న ముద్దుపేరు నిజ్జీ. తమ జీతం ఎక్కడి నుంచి వస్తోందో తెలిసే ఆ మాట అనుకునేవారు.

ఈ 40 లక్షలు ఎక్కడి నుంచి తేవాలి? ఆ బరువు పడింది దివాన్ కింది అధికారి అయిన పేష్కారు చందూలాల్ మీద. 1808లో దివాన్ మీర్ ఆలం చనిపోయాక ఆయన అల్లుడు మునీర్‌ఉల్‌ముల్క్ దివాన్ అయ్యాడు కానీ అది పేరుకే. పరిపాలనలో ఆయన జోక్యం చేసుకోకూడదన్న షరతు మీదే పదవి ఇచ్చారు. అసలు అధికారం కంపెనీకి నమ్మకస్తుడైన చందూలాల్‌ది. నిజాం సికందర్ జా లోకానికి దూరంగా తన మహల్లోనే ఉండిపోయాడు. పాతనగరంలో చందూలాల్ బారాదరి అన్న పేటకు ఆయన పేరే మిగిలింది. ‘షాదాన్’ అన్న కలం పేరుతో ఉర్దూ కవిత్వం రాసిన రసికుడు, దానధర్మాల్లో చేతికి ఎముక లేనివాడు, పగలూ రాత్రీ లెక్కల్లో మునిగే పనిరాక్షసుడు. ఇంత తెలివైనవాడు ముప్పై ఏళ్లకు పైగా రాజ్యాన్ని అప్పుల్లోనే ఎందుకు నడిపాడన్నది చరిత్రకారులను ఇప్పటికీ వేధించే ప్రశ్న.

ఆయన స్థానంలో కూర్చుని చూస్తే కొంత అర్థమవుతుంది. సిపాయికి జీతం నెలనెలా ఇవ్వాలి. భూమిశిస్తు పంట చేతికొచ్చాకే వస్తుంది, అదీ వాన కురిస్తే. రాజ్యంలో పెద్ద భాగం జాగీర్ల కింద ఉంది, వాటి రాబడి ఖజానాకు రాదు. జాగీర్‌దార్ల మీద పన్ను వేయాలంటే నిజాం దర్బారునే ఎదిరించాలి. మిగిలిన తాలూకాలు గుత్తకు పోయాయి. ఎవరు ముందుగా ఎక్కువ నజరానా చెల్లిస్తే వాళ్లదే వసూలు హక్కు. అక్కడ కొత్త పన్ను వేసినా ఖజానా గడప తొక్కేదాకా అందులో మిగిలేది అంతంతమాత్రం. ఇక ఖర్చు తగ్గిద్దామంటే ఆ ఖర్చంతా రెసిడెంటుది. రెసిడెంటుకు కోపం వస్తే చందూలాల్ పదవి ఒక్క పూట కూడా నిలవదు. పన్ను పెంచే దారీ ఖర్చు కోసే దారీ రెండూ మూసుకుపోయాక అప్పు ఒక్కటే మిగిలింది. ఆయన తప్పు ఆయనకు ఉంది. తన పదవి నిలవడం రాజ్యం నిలవడం కన్నా ముఖ్యమనుకున్నాడు. ఆ తప్పును మాత్రం నేను మాఫీ చేయలేను.

హైదరాబాదులో అప్పులిచ్చేవాళ్లకు కొదవ లేదు. కార్వాన్ సాహూలో, బేగంబజారులో గుజరాతీ, మార్వాడీ సాహుకారులు, గోసాయిలు తరతరాలుగా హుండీల వ్యాపారం చేస్తున్నారు. నూటికి ఏడాదికి 24 రూపాయల వడ్డీ అక్కడ మామూలు. ఆ లెక్కన అప్పు మూడేళ్లు దాటేసరికి రెండింతలవుతుంది. ఈ బజారులోకి 1814లో విలియం పామర్ దిగాడు.

పామర్ గురించి కొంచెం వివరంగా చెప్పాలి. తండ్రి జనరల్ విలియం పామర్ పూనా దర్బారులో రెసిడెంటుగా చేసినవాడు. తల్లి ఫైజ్ బక్ష్ ఉత్తరాది ముస్లిం కులీన కుటుంబపు స్త్రీ. నిజాం సైన్యంలో కొన్నేళ్లు పనిచేసి, ఊరినీ భాషనూ మనుషులనూ క్షుణ్ణంగా తెలుసుకున్నాక ఈ కోఠీ తెరిచాడు. బంకటీదాస్ అనే సాహుకారు భాగస్వామి. రెసిడెన్సీ డాక్టరు సహా కొందరు ఇంగ్లీషు ఉద్యోగులకూ వాటాలున్నాయి. రస్సెల్‌కు కూడా లోపాయికారీగా వాటా ఉందని అప్పట్లోనే అనుమానాలు వచ్చాయి.

ఇంకో భాగస్వామి సర్ విలియం రంబోల్డ్. గవర్నర్ జనరల్ లార్డ్ హేస్టింగ్స్ సంరక్షణలో పెరిగిన అమ్మాయిని పెళ్లాడాడు. ఆ చుట్టరికమే సంస్థకు పెద్ద పెట్టుబడి. రంబోల్డ్ తాత సర్ థామస్ రంబోల్డ్ 1778లో మద్రాసు గవర్నరుగా వచ్చాడు. ఉత్తర సర్కారుల పేష్కష్ ఎగ్గొట్టాలని చూసి నిజాముతో తగువు తెచ్చింది ఆయనే. నలభై అయిదేళ్ల తర్వాత మనవడి సంస్థకు పడిన బాకీ తీర్చడానికే ఆ పేష్కష్ పూర్తిగా రద్దయింది. ఈ రెండు సంగతులు ఒకేచోట కనిపించినప్పుడు చదవడం ఆపి కాసేపు ఆలోచనలో పడ్డాను.

బ్రిటిష్ పౌరులెవరూ దేశీయ సంస్థానాధీశులకు అప్పు ఇవ్వకూడదని 1797లో ఇంగ్లండు పార్లమెంటు చట్టం చేసింది. ఆర్కాటు నవాబు అప్పుల భాగోతం అప్పటికే లండను దాకా రచ్చ అయింది మరి. అయితే ప్రభుత్వ అనుమతి ఉంటే ఇవ్వవచ్చని అదే చట్టంలో ఒక వెసులుబాటు. 1816లో పామర్ కంపెనీకి హేస్టింగ్స్ ప్రభుత్వం ఆ అనుమతి ఇచ్చేసింది.

అప్పు నడిచిన పద్ధతి దగ్గరగా చూడండి. ఔరంగాబాద్ వైపు దళాల జీతాల కోసం పామర్ కంపెనీ నెలకు 2 లక్షలు ఇస్తుంది. అంటే ఏడాదికి 24 లక్షలు. బదులుగా ఏడాదికి 30 లక్షల రాబడి వచ్చే ప్రాంతాల వసూలు హక్కు దాని చేతికి వస్తుంది. సర్కారు ఖజానాకు ఒక్క రూపాయి రాదు, ఖజానా నుంచి ఒక్క రూపాయి పోదు. శిస్తు నేరుగా రైతు నుంచి అప్పిచ్చినవాడికి, జీతం నేరుగా అప్పిచ్చినవాడి నుంచి సిపాయికి. మధ్యలో చందూలాల్ మొహరు ఒక్కటే సర్కారుది.

పన్నుకు బదులు అప్పు అని మనం తేలిగ్గా అనేస్తుంటాం. ఇక్కడ పన్ను ఎక్కడా తగ్గలేదని గమనించాలి. రేపటి పన్నును ఇవాళే అమ్మేశారు, దాంతోపాటు వసూలు చేసే అధికారాన్నీ అమ్మేశారు. పన్ను వేసే రాజును రైతు కనీసం మొరపెట్టుకునైనా చూడవచ్చు, కరువొస్తే మాఫీ అడగవచ్చు. పత్రం చేతబట్టుకున్న సాహుకారుకు వానతో పనేముంది?

1820లో వచ్చింది 60 లక్షల అప్పు. కలకత్తాకు పంపిన అర్జీలో కారణాలు ఎంతో ముచ్చటగా రాశారు. పనికిరాని సిబ్బందికి బకాయిలిచ్చి పంపించేస్తామని, అధిక వడ్డీ సాహుకారుల బాకీలు తీరుస్తామని, ఊళ్లు వదిలిపోయిన రైతులను వెనక్కి పిలిచి తకావీ (సేద్యపు అప్పు) ఇస్తామని. గవర్నర్ జనరల్ కౌన్సిల్లో సభ్యులు రెండుగా చీలిపోయారు. హేస్టింగ్స్ తన నిర్ణాయక ఓటు వేసి ఆమోదింపజేశాడు.

ఆ ఏడాది చివర్లో కొత్త రెసిడెంటుగా చార్లెస్ మెట్‌కాఫ్ వచ్చాడు. కోఠీ ప్రాంతంలో ఎత్తయిన స్తంభాలతో నిలిచిన ఆ రెసిడెన్సీ భవనం ఇప్పుడు మహిళా విశ్వవిద్యాలయం. అక్కడ కూర్చుని మెట్‌కాఫ్ లెక్కలు తిరగేశాడు. 60 లక్షల్లో 52 లక్షలు అప్పటికే ఉన్న పాత బాకీ, ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు మార్చి రాశారు. తక్కిన 8 లక్షలు సంస్థ భాగస్వాములకు ప్రతిఫలం, అదీ అప్పులోనే కలిపారు. కొత్తగా ఒక్క రూపాయి కూడా హైదరాబాదు ఖజానాకు చేరలేదు. రైతుకు తకావీ ఇస్తామన్న మాట కాగితం మీదే ఉండిపోయింది.

రంబోల్డ్‌తో, పామర్‌తో మెట్‌కాఫ్‌కు స్నేహం ఉంది. పైవాడైన హేస్టింగ్స్‌కు రంబోల్డ్ అంటే ప్రాణమని తెలుసు. అయినా ఉన్నదున్నట్టు రాశాడు. కంపెనీ హామీ మీద 6 శాతం వడ్డీకి అప్పు తెచ్చి పామర్ బాకీ ఒక్కసారిగా తీర్చేద్దామని సూచించాడు. హేస్టింగ్స్ మండిపడ్డాడు. తన మీద కుట్రగా తీసుకున్నాడు. లండన్‌లో డైరెక్టర్లు మాత్రం మెట్‌కాఫ్ పక్షాన నిలిచారు. 1823 జనవరిలో హేస్టింగ్స్ కలకత్తా విడిచి వెళ్లాక, మొదట్లో చెప్పిన పేష్కష్ బేరంతో పామర్ లెక్క తేల్చేశారు. మరుసటి ఏడాది సంస్థ దివాలా తీసింది. పామర్ మాత్రం హైదరాబాదులోనే ఉండి 1867లో కన్నుమూశాడు.

ఇక్కడ ఒక్క క్షణం ఇంగ్లండు వైపు చూడాలి, ఎందుకంటే ఆ కాలంలో ప్రపంచంలో అందరికన్నా ఎక్కువ అప్పున్న ప్రభుత్వం అదే. నెపోలియన్ యుద్ధాలు ముగిసేసరికి వాళ్ల జాతీయ రుణం 80 కోట్ల పౌండ్లు దాటింది. అయినా దివాలా తీయలేదు. అప్పు చేసినప్పుడల్లా వడ్డీకి సరిపడా పన్ను ఏదో పార్లమెంటు ముందే నిర్ణయించేది. వడ్డీ మూడు నుంచి అయిదు శాతం. అప్పుపత్రం కొన్నవాడికి వడ్డీ వస్తుంది తప్ప యార్క్‌షైర్‌లో ఊళ్ల మీద పడి పన్ను వసూలు చేసుకునే హక్కు రాదు. అక్కడా బరువు మోసింది పేదలేనన్నది నిజం. ఉప్పు మీద, సబ్బు మీద, బీరు తయారుచేసే మాల్టు మీద పన్నులతోనే వడ్డీ కట్టారు. కానీ అప్పు చేసేదీ, ఖర్చు పెట్టేదీ, పన్ను వేసేదీ ఒకే సభ. లెక్క అడగడానికి ఒక చోటుంది. హైదరాబాదులో ఖర్చు రెసిడెంటుది, సంతకం పేష్కారుది, కట్టేది మెదక్‌లోనో నల్లగొండలోనో బీడ్‌లోనో ఉన్న రైతుది. ముగ్గురూ ఎప్పుడూ ఒకచోట కూర్చున్నది లేదు.

ఊళ్లలో ఏం జరిగిందంటే, గుత్తదారుకు తన గడువు ఎన్నాళ్లుంటుందో తెలియదు. రేపు ఇంకొకడు ఎక్కువ నజరానా ఇస్తే తాలూకా వాడికి పోతుంది. అందుకని చేతిలో ఉండగానే పిండుకోవాలి. నజరానా కట్టడానికి వాడూ అప్పు చేసి ఉంటాడు. తాలూకాను ముక్కలు చేసి కింది గుత్తదారులకు ఇస్తాడు, వాళ్లు ఊళ్లవారీగా దేశ్‌ముఖులతో బేరం పెడతారు. పైన తెచ్చిన 24 శాతం వడ్డీ మెట్టుమెట్టుకూ పెరుగుతూ పటేల్, పట్వారీల దాకా వచ్చి చివరికి కళ్లం దగ్గర రైతు ధాన్యపు రాశి మీద తేలుతుంది. చెరువుకట్ట తెగితే పూడ్చే నాథుడు లేడు, వచ్చే ఏడు ఉంటాడో ఉండడో తెలియని గుత్తదారు కట్టకు ఎందుకు ఖర్చు పెడతాడు? తెలంగాణలో సేద్యమంటేనే చెరువు. అది ఎండితే ఊరు లేచిపోతుంది. మెట్‌కాఫ్ పంపిన అధికారులు జిల్లాల్లో తిరిగినప్పుడు పాడుబడ్డ ఊళ్లను చూసి రాసిన నివేదికలు ఉన్నాయి.

మెట్‌కాఫ్ ఊరూరికీ శిస్తు కొన్నేళ్లకు ఖాయం చేసి, అంతకు మించి వసూలు చేయకుండా చూడమని జిల్లాల్లో ఇంగ్లీషు అధికారులను పెట్టాడు. కొన్నిచోట్ల రైతులు తిరిగొచ్చారు. 1829లో గద్దెనెక్కిన నాసిరుద్దౌలా తన రాజ్యంలో పరాయి అధికారుల పెత్తనం వద్దన్నాడు. ఆ మాటలో న్యాయం ఉంది. వాళ్లు వెళ్లిపోగానే చందూలాల్ గుత్తలు మళ్లీ మొదలయ్యాయి. అన్నిటికీ మూలమైన కంటింజెంట్‌ను మాత్రం మెట్‌కాఫ్ కూడా కదిలించలేదు.

తర్వాతి ఇరవై ఏళ్లలో మనుషులు మారారు కానీ పద్ధతి అదే. పామర్ స్థానంలోకి పూరన్‌మల్ లాంటి సాహుకారులు, బొంబాయి వైపు నుంచి వచ్చిన పార్సీ సోదరులు పెస్తన్‌జీ, విక్కాజీ వచ్చారు. పెస్తన్‌జీ సోదరులు బీరారులో పత్తి వ్యాపారం పెంచి, ఖాంగాఁవ్‌లో గిడ్డంగులు కట్టి, సరుకును బొంబాయికి తరలించిన సమర్థులు. కంటింజెంట్ జీతాలకు అప్పులిచ్చి బీరారు రాబడి రాయించుకున్నారు. ఔరంగాబాద్ టంకశాల కూడా వాళ్ల చేతికి వచ్చి, పెస్తన్‌షాహీ రూపాయిలు చలామణీ అయ్యాయి. రూపాయి ముద్రించే హక్కు సైతం రుణదాతకు పోయిందంటే ప్రభుత్వంలో ఇంక మిగిలిందేమిటి? 1845లో సర్కారు ఆ పరగణాలను బలవంతంగా వెనక్కి తీసుకుంది, బాకీ మాత్రం తీర్చలేదు. కొన్నేళ్లకే ఆ సంస్థ కుప్పకూలింది. దాంతో సర్కారు పత్రాన్ని నమ్మి అప్పిచ్చేవాడు ఊళ్లో కరువయ్యాడు. అరబ్బు సిపాయీల నాయకులైన జమేదార్లు మాత్రం ఇచ్చేవారు. వాళ్ల చేతుల్లో తుపాకులున్నాయి, బాకీ వసూలు ఎలాగో వాళ్లకు తెలుసు.

1843లో చందూలాల్ ఇక మోయలేనని రాజీనామా చేశాడు. రెండేళ్లకు చనిపోయాడు. అప్పటి నుంచి కంటింజెంట్‌కు జీతాలు ఆలస్యమైనప్పుడల్లా కంపెనీయే తన ఖజానా నుంచి ఇచ్చి నిజాం ఖాతాలో బాకీగా రాసుకోవడం మొదలుపెట్టింది. మొదట 12 శాతం వడ్డీ, తర్వాత 6కు తగ్గించింది. ఖర్చు పెట్టించేదీ కంపెనీయే, అప్పిచ్చేదీ కంపెనీయే. సాహుకారుల బాకీ మురిగిపోవచ్చు కానీ ఈ బాకీ మురిగేది కాదు.

గవర్నర్ జనరల్‌గా వచ్చిన డల్హౌసీ 1850 చివరికల్లా బాకీ మొత్తం కట్టాలని గడువు పెట్టాడు. మరుసటి ఏడాది నిజాం నగలు కుదువబెట్టి పెద్ద మొత్తమే కట్టాడు. కానీ నెలనెలా కొత్త జీతాలు పడుతూనే ఉన్నాయి. రెండేళ్లలో బాకీ మళ్లీ 40 లక్షలు దాటింది. శాంతికాలంలో ఈ సైన్యాన్ని పోషించే బాధ్యత సంధి ప్రకారం నిజాముకు లేదని డల్హౌసీకి తెలుసు. ఆ సంగతి ఆయన కూడా ఒప్పుకున్నాడు. అయినా సైన్యాన్ని రద్దు చేయలేదు, బాకీ వదల్లేదు.

బాకీకి ఇంకో వైపు లెక్క కూడా ఉంది. దాన్ని మన పాఠ్యపుస్తకాల్లో ఎవరూ చెప్పరు. సికింద్రాబాద్, జాల్నా కంటోన్మెంట్లలో కల్లు, సారా మీద వచ్చే ఆబ్కారీ రాబడిని కంపెనీ నలభై ఏళ్లుగా తానే తీసుకుంటోంది. ఆ నేల నిజాముది, ఆ రాబడీ నిజాముకే చెందాలి. ఏడాదికి సుమారు లక్ష రూపాయల చొప్పున కూడితే కంపెనీ అడుగుతున్న బాకీకి దాదాపు సరిపోతుంది. హైదరాబాదు దర్బారు ఈ లెక్క ఎన్నిసార్లు చూపించినా కలకత్తా చెవిన పెట్టలేదు. 1853లో ఈ బాకీ మీద సంధి సంప్రదింపులు జరిగిన వేళ రెసిడెన్సీలో ఉండి, తర్వాత తానే రెసిడెంటైన డేవిడ్‌సన్, రెండు సర్కార్ల లెక్కలూ నిష్పక్షపాతంగా చూస్తే ఆ 43 లక్షల బాకీ అడిగే న్యాయమే మనకు లేదని 1860లో పైవాళ్లకు రాశాడు. ఒప్పుకున్నాడు సరే, ఆ ఒప్పుకోలు వచ్చేసరికి ఏడేళ్లు గడిచాయి.

1853 వసంతంలో కర్నల్ ‘లో’ (Low) అనే ఆయన రెసిడెంటుగా సంధి ముసాయిదా పట్టుకుని వచ్చాడు. బీరారు, రాయచూరు అంతర్వేది, ధారాశివ్ – ఏటా 50 లక్షల రాబడి వచ్చే ఈ మూడు ప్రాంతాలూ కంటింజెంట్ ఖర్చుకూ బాకీ వడ్డీకీ గాను కంపెనీ పరిపాలనలోకి రావాలి. నాసిరుద్దౌలా చాలా రోజులు ఒప్పుకోలేదు. అకారణంగా తాతల నాటి భూమిని వదులుకోవడం, నమ్మకంగా కొలువు చేసిన సైనికులను తరిమేయడం, ఈ రెండూ రాజుకు అవమానమని రెసిడెంటుతో వాదించాడు. ఒప్పుకోకపోతే కంపెనీ సైన్యం కదులుతుందన్న బెదిరింపు వచ్చింది. నిజాం దగ్గర మిగిలిన సైన్యంలో పనికొచ్చేది ఆ కంటింజెంటే. దాని అధికారులు ఎవరి మాట వింటారో వేరే చెప్పాలా? మే 21న సంధి కుదిరింది.

అప్పుకు ముందు దత్తమండలాలు పోయాయి, అప్పు వల్ల సర్కారుల పేష్కష్ పోయింది, ఇప్పుడు బీరారు. రాయచూరు, ధారాశివ్‌లు 1860లో తిరిగొచ్చాయి. 1857లో హైదరాబాదు బ్రిటిష్ పక్షాన నిలిచినందుకు ప్రతిఫలంగా 50 లక్షల బాకీ కూడా రద్దు చేశారు. బాకీ లేదన్నాక తాకట్టు విడవాలి కదా? విడవలేదు. కంటింజెంట్ ఉన్నంతకాలం దాని ఖర్చుకు బీరారు కావాలన్నారు. అమెరికా అంతర్యుద్ధంతో పత్తి ధర ఆకాశాన్నంటిన ఆ దశాబ్దంలో బీరారు నల్లరేగడి వదులుకునేది కాదు మరి. 1902లో వైస్రాయ్ కర్జన్ ఏడాదికి 25 లక్షల కౌలుకు బీరారును శాశ్వతంగా రాయించుకున్నాడు. అమరావతి, అకోలా, బుల్‌ఢాణా, యవత్‌మాల్ ఇప్పుడు మహారాష్ట్ర జిల్లాలు.

1853 సంధి జరిగిన వారంలోపే దివాన్ సిరాజ్‌ఉల్‌ముల్క్ చనిపోయాడు. ఖజానాలో డబ్బు లేదు, తాలూకాలు సాహుకారుల చేతుల్లో, కోటలు అరబ్బుల చేతుల్లో ఉన్నాయి. ఆ స్థితిలో దివాన్‌గిరీ ఎవరికివ్వాలో తేలక నాలుగు రోజులు గడిచాయి. మే 31న సిరాజ్‌ఉల్‌ముల్క్ సోదరుడి కొడుకు తురాబ్ అలీ ఖాన్‌కు ఆ పదవి వచ్చింది. ఇరవై నాలుగేళ్లవాడు. అంతకుముందు కొన్నాళ్లు ఖమ్మం వైపు తాలూక్‌దారుగా పనిచేసి, శిస్తు రైతు ఇంటి నుంచి బయల్దేరి ఎక్కడెక్కడ ఆగిపోతుందో కళ్లారా చూశాడు. మొదటి సాలార్ జంగ్ ఆయనే. పదవిలోకి రాగానే తాకట్టు తాలూకాల పత్రాలన్నీ తెప్పించి, ఒక్కొక్క సాహుకారునీ పిలిచి, వడ్డీ లెక్క మళ్లీ కట్టడం మొదలుపెట్టాడు. ఆ లెక్కల్లో తేలిన సంగతులు, అరబ్బు జమేదార్ల చేతుల్లోంచి ఊళ్లు విడిపించిన వైనం వచ్చే భాగంలో.